సీసా మీది అవ్వ

గోవిందమ్మ పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన కొత్తలో పుట్టిన అనుమానం ఒకటి జుట్టు నెరిసినా తీరలేదు. మనిషి చేతిలో మంచి అనేది ఉంటుందా? ఉంటే ఎక్కడ ఉంటుంది? చర్మంలోనా, గీతల్లోనా, లేక పైవాడు పుట్టించేటప్పుడే అందులో ఏదైనా పెట్టి పంపుతాడా? ఎవరిని అడగాలో తెలియక శనివారం శనివారం దీపం వెలిగించి, గుట్ట నర్సింహస్వామి పటం ముందు ఆ మాట అడిగేది. స్వామి ఏ వారమూ జవాబు చెప్పలేదు.

ఈ అనుమానానికంతటికీ మూలం మామిడికాయ తొక్కు. రామన్నపేటకు కాస్త ఇవతల ఉన్న ఆ ఊళ్ళో ఎండలు ముదిరాయంటే గోవిందమ్మకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఆమె చెయ్యి పడిన తొక్కు మళ్ళీ మామిడికాయ వచ్చేదాకా బూజు పట్టదని అందరి నమ్మకం. ముక్కలు కొట్టుకొని, కారం, ఆవపిండి, మెంతిపొడి, ఎల్లిగడ్డ అన్నీ ముందర పెట్టుకొని ఆమెకు కబురు పంపేవారు. ఆమె స్నానం చేసి, బొట్టు పెట్టుకొని పోయేది. ఉప్పు వేసి, నూనె పోసి, గంగాళంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేది. దానికి కూలి లేదు. తొక్కును జాడిలోకి ఎత్తాక గంగాళానికి అంటుకొని మిగిలినదాంట్లో వేడి వేడి అన్నం వేసి కలిపి, మొదటి ముద్ద కలిపిన మనిషి చేతిలో పెట్టాలి. అది ఆనవాయితీ. ముద్ద తినకుండా ఆమెను గడప దాటనిచ్చేవారు కాదు. ముద్దకు మించి ఇస్తే ఆమె పుచ్చుకునేది కాదు.

ఒక ఏడు పక్కింటి వాళ్ళ జాడి పాడైంది. తన చెయ్యే చెడిందనుకుంది గోవిందమ్మ. కానీ ఆ ఇంటి ముసలామె ఆమెనొక్క మాట అనలేదు. "నీ చేతిల దోషముంటదా? మా కోడలే తడి గంటె పెట్టింది" అని కోడలి మీద విరుచుకుపడింది. కోడలు ఏడ్చింది. ఆ రోజు నుంచి గోవిందమ్మ అనుమానం ఇంకా ముదిరింది. చెడిపోతే కోడలిది, నిలిస్తే నాది. ఇదేం న్యాయం స్వామీ అని అడిగింది.

ఆమె భర్త అంజయ్యకు ఇదంతా నవ్వులాట. "గంత మంచి చెయ్యే అయితే నా బట్టతల మీద జర రుద్దరాదే" అనేవాడు.

రాష్ట్రం వచ్చిన తర్వాత చిట్యాల దగ్గర హైవే పొడుగునా షెడ్లు లేచాయి. అందులో ఒకటి తొక్కుల కంపెనీది. గోవిందమ్మ కొడుకు నరేష్ ఆ కంపెనీ సీసాలను రామన్నపేట, మోత్కూర్ దుకాణాలకు వేసే ఏజెన్సీ తీసుకున్నాడు. కిస్తుల మీద ఒక ట్రాలీ ఆటో కొన్నాడు. ఒకనాడు కంపెనీ మేనేజర్ విజేందర్ సరుకు లెక్క చూడడానికి వచ్చి, వాళ్ళింట్లో భోజనం చేసి, విస్తరి ముందే కూర్చుండిపోయాడు.

"గీ తొక్కు ఎవరు పెట్టిన్రు?" అన్నాడు.

"మా అమ్మనే సార్. ఊరందరికీ ఆమెనే పెడ్తది" అని నరేష్ మురిసిపోతూ చెయ్యి సంగతి అంతా చెప్పాడు.

విజేందర్ చెడ్డవాడేమీ కాదు. మర్యాద తెలిసినవాడు. పోయేటప్పుడు గోవిందమ్మ కాళ్ళకు మొక్కాడు. మరుసటి వారం ఫోటోలు తీసేవాళ్ళను తీసుకొని వచ్చాడు. కంపెనీ కొత్త సీసా మీద ఆమె బొమ్మ వేస్తారట, పేరు 'గోవిందవ్వ చేతి తొక్కు' అట. నెలనెలా ఆమెకు కొంత ముట్టజెబుతారట.

"నన్నెవ్వలు అవ్వ అనరు గద బిడ్డా, అందరు గోవిందమ్మనే అంటరు" అంది ఆమె.

"అమ్మ పేరు మీద శానా కంపెనీలున్నయి. అవ్వ అయితే మనమొక్కరమే" అన్నాడు విజేందర్.

"అంటే నిన్ను ముసల్దాన్ని జేస్తే గిరాకీ ఎక్కువన్నట్టు" అని అంజయ్య మంచం మీది నుంచి అందించాడు.

గోవిందమ్మ నవ్వలేదు. ఆమెకు ఒక మాట తేలాలి. "బొమ్మ ఏసుకోండ్రి. కానీ చేతి తొక్కు అంటున్నరు. మరి నా చెయ్యి పడాలె గద? అన్ని సీసాలల్ల ఎట్ల పడ్తది?"

విజేందర్ ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత ముఖం వెలిగింది. "ఉప్పు పంపిస్తం అవ్వా. నువ్వు చెయ్యి పెట్టి దీవించి ఇయ్యి. గా ఉప్పే అన్నిట్ల ఏస్తం."

ఇది ఆమెకు సబబుగా తోచింది. తొక్కును నిలిపేది ఉప్పే కదా. గుడిలో ప్రసాదం గంగాళమంతా దేవుడి ముందు పెట్టకపోయినా, ఒక గిన్నె నైవేద్యం పెట్టి మళ్ళీ అందులో కలిపితే అంతా ప్రసాదమే అయినట్టు. ఆ నమ్మకంతో కాగితం మీద సంతకం చేసింది. ఒప్పందం ఉన్నన్నాళ్ళూ ఇంకెవరి తొక్కులోనూ చెయ్యి పెట్టకూడదని అందులో ఒక ముక్క ఉంది. "ఇది అన్ని కంపెనీలు రాస్తయి, ఏం కాదమ్మా" అన్నాడు నరేష్.

అప్పటి నుంచి ఉప్పు మూటలు వచ్చేవి. ఆమె ఉపవాసం ఉండి, మూట విప్పి, ఉప్పులో మోచేతి దాకా చెయ్యి పెట్టి, "తిన్నోళ్ళందరు సల్లగుండాలె స్వామీ" అని మొక్కి, మూతి కట్టి, పసుపు దారంతో ముడి వేసి పంపేది. ఊళ్ళో మాత్రం ఎవరు పిలిచినా పోలేదు. మొదటి ఎండాకాలం వాళ్ళు అర్థం చేసుకున్నారు. రెండో ఎండాకాలం, "ఇగ మనం పిలిస్తే వస్తదా, సీసా మీదికెక్కింది" అన్నారు. ఆ మాట ముల్లులా గుచ్చుకున్నా ఆమె ఓర్చుకుంది. ఊరికి పోయే చెయ్యి జిల్లా అంతటికీ పోతున్నదని సర్దిచెప్పుకుంది.

ఆ రెండో ఏడే కంపెనీ చిట్యాలలో డీలర్లందరినీ పిలిచి పెద్ద మీటింగు పెట్టింది. నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి దుకాణదారులు వస్తున్నారు. అక్కడే టీవీలో వేసే ప్రకటన కూడా తీస్తారు. గోవిందమ్మ స్టేజీ మీద జాడి పక్కన కూర్చొని ఒక్క మాట అంటే చాలు: "ప్రతి సీసాల నా చెయ్యి ఉన్నది." నరేష్ దారి పొడుగునా ఆమె చేత ఆ మాట అనిపిస్తూనే ఉన్నాడు. ఈ మీటింగు అయితే పక్క మండలాల ఏజెన్సీ కూడా అతనికే ఇస్తామన్నారు.

మీటింగు జరిగే ఫంక్షన్ హాలు కంపెనీ షెడ్డుకు ఎదురుగానే ఉంది. ఇంకా జనం రాలేదు. చీర మార్చుకోవడానికి ఆమెను షెడ్డులోకి తీసుకుపోయారు. సీసాలకు మూతలు బిగించే హరిత అనే అమ్మాయి ఆమెను చూసి ఉలిక్కిపడింది.

"నువ్వు నిజంగ ఉన్నవా అవ్వా? బొమ్మ అనుకున్న" అంది.

"ఉన్న బిడ్డా. కొంచెం మంచినీళ్ళిస్తవా?"

హరిత నీళ్ళకు పోయింది. గోవిందమ్మ చుట్టూ చూసింది. గాలికి షెడ్డు పెద్ద తలుపు రెక్కలు కొట్టుకోకుండా రెండు వైపులా మూటలు అడ్డం పెట్టి ఉన్నాయి. మూటల మీద దుమ్ము, చెప్పుల అచ్చులు. ఆమె దగ్గరికి పోయి వంగి చూసింది. ప్రతి మూతికీ పసుపు దారం ఉంది. ఆమె వేసిన ముడి వేసినట్టే ఉంది. గోడ వారన టార్పాలిన్ మీద కూడా అవే మూటలు బరువుకు పెట్టారు. అందులో ఒక్కటి కూడా విప్పలేదు.

"గవా?" అంది నీళ్ళు తెచ్చిన హరిత. "ఎవ్వరో ముసలామె పంపుతదట. పారేస్తే పాపమని గట్ల పెట్టినం. మంచిగ ఆగుతయి తలుపులు."

గోవిందమ్మ నీళ్ళు తాగలేదు. గ్లాసు చేతిలో పట్టుకొని అట్లాగే ఆ మూట మీద కూర్చుంది. ముందు ఆమెకు కోపం రాలేదు, భయం వేసింది. రెండేళ్ళుగా ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది పిల్లల అన్నంలో తన పేరు కలిసి పోయిందో! "గోవిందవ్వ చెయ్యట" అని నమ్మి నోట్లో పెట్టుకున్నారు. ఆ చెయ్యి ఇక్కడ తలుపుకు అడ్డం పడి ఉంది. ఇంకో సంగతి కూడా ఆమెకు తట్టింది. చెయ్యి పడకపోయినా ఆ సీసాల్లో ఒక్కటీ చెడిపోలేదు. మరి ఇన్నేళ్ళూ ఊరు మొక్కిన చెయ్యి ఏమిటి? ఆ ప్రశ్న నొప్పిగా ఉన్నా దాన్ని పక్కన పెట్టింది. అది స్వామికీ తనకూ మధ్య సంగతి. ఈ మూటల సంగతి మనుషులది.

విజేందర్ వచ్చాడు, వెనక నరేష్. ఆమె తాను కూర్చున్న మూటను చూపించింది.

విజేందర్ బుకాయించలేదు. "అవ్వా, నిజం చెప్త. మిషన్ల తయారైతది మన తొక్కు. దాంట్ల బయట ఉప్పు ఏస్తే టెస్టుల పాసు గాదు. నీ మనసు నొయ్యొద్దని తీసుకున్నం."

"మనసు నొయ్యొద్దని అబద్ధమాడినవా?"

"ఎవ్వరికి నష్టమైంది చెప్పు? తొక్కు మంచిగున్నది. తిన్నోడెవ్వడు దవాఖానకు పోలే. సినిమాయన సబ్బు చేతిల పట్టుకొని నవ్వుతడు. ఆయన గా సబ్బుతోనే స్నానం చేస్తడా?"

"చెయ్యకపోవచ్చు. గనీ సబ్బు నేనే జేసిన అనడు గద బిడ్డా."

విజేందర్ తల గోక్కున్నాడు. "సరే, ఇయ్యాల్టి నుంచి నీ ఉప్పు ప్రతి ట్యాంకుల ఒక చిటికెడు ఏపిస్త. చిటికెడైతే టెస్టుల దొరకది. దేవుని మీద ఒట్టు. సరేనా?"

ఆమె ఆలోచించింది. ఆశ కలగలేదంటే అది అబద్ధమవుతుంది. చిటికెడు ఉప్పుతో అంతా చక్కబడితే ఎంత బాగుండు! నరేష్ ముఖం ఆమె వైపే ఉంది.

"ఏస్తవు, మంచిదే. మరి ఇన్ని దినాలు అమ్మినయి?"

"అవి తినేసిన్రు గదవ్వా. గవిటికి ఇప్పుడేం జేస్తం?"

"నా చెయ్యి పడలేదని ముందుగాల గా మాట చెప్పు. తర్వాత ఉప్పు ఏద్దువు."

విజేందర్ నవ్వబోయి ఆగాడు. ఆమె పరాచకమాడటం లేదని అర్థమైంది. అతని గొంతు మారింది. "నీ సంతకమున్నది అవ్వా. కాగితం మీద అన్నీ ఉన్నయి. నువ్వు తప్పితే నరేష్ ఏజెన్సీ పోతది. జర సమజ్ జేసుకో" అని చెప్పి బయటికి పోయాడు.

నరేష్ ఆమె ముందు చతికిలబడ్డాడు. "అమ్మా, ఒక్క మాట. నోట్ల నుంచి వచ్చి గాలిల పోయే ఒక్క మాట. బండి కిస్తులు కట్టాలె. పిల్లల బడి ఉన్నది. నువ్వేమన్న ఖూనీ జేస్తున్నవా?"

"లేదు కొడుకా."

"మరి?"

"నా చేతిల ఏమున్నదో నాకు ఇప్పటికీ ఎర్కలేదురా. ఏం లేకపోవచ్చు. నోట్ల మాట మాత్రం నాదే. దాన్ని గూడ తీస్కపోయి తలుపుకు అడ్డం ఎవ్వల్ని పెట్టనియ్య."

"నా బతుకు అడ్డం పెడ్తున్నవు" అన్నాడు నరేష్. ఆమె లేచి, మూటల మీది దుమ్మును కొంగుతో దులిపి, రోడ్డు దాటింది. కంపెనీ ఇచ్చిన పట్టుచీర కుర్చీ మీదనే ఉండిపోయింది.

హాలు నిండింది. నేత చీరలో వచ్చిన ఆమెను చూసి కెమెరా మనిషి, "ఇంకా మంచిది, సహజంగ ఉన్నది" అని సంబరపడ్డాడు. స్టేజీ మీద ఆమె ఎత్తున జాడి పెట్టారు. దీపాల వేడికి చెమట కారుతోంది. ముందు వరసలో విజేందర్, వెనక గోడకు ఆనుకొని నరేష్. మొదలుపెట్టమని ఎవరో చెయ్యి ఊపారు.

గోవిందమ్మ దండం పెట్టింది.

"నా పేరు గోవిందమ్మ. అవ్వ అని వీళ్ళు పెట్టుకున్నరు. గీ సీసాలల్ల తొక్కు నేను పెట్టలే. నా చెయ్యి దీంట్ల పడలే. నేను పంపిన ఉప్పు అగో, ఎదురుంగ షెడ్డుల తలుపులకు అడ్డం పెట్టిన్రు, పోయి చూడుండ్రి. తొక్కు మంచిగున్నదా లేదా మీ నాలుక చెప్తది. మంచిగుంటే అమ్ముకోండ్రి. నా పేరు జెప్పి అమ్మకుండ్రి."

వెనక ఎవరో ఇది కూడా ప్రకటనలో భాగమే అనుకొని చప్పట్లు కొట్టారు. పక్కవాడు చెయ్యి పట్టుకొని ఆపాడు. జడ్చర్ల నుంచి వచ్చిన ఒక ముసలి షావుకారు మెల్లగా లేచి, కర్ర పట్టుకొని, రోడ్డు దాటి షెడ్డు వైపు నడిచాడు. అతని వెనక ఇంకొందరు లేచారు.

విజేందర్ స్టేజీ మెట్ల దగ్గర ఆమెను ఆపాడు. ముఖం తెల్లబోయి ఉంది. "ఏం జేసినవో ఎర్కనా అవ్వా?"

"ఎర్కనే బిడ్డా. సంతకమే ఎర్క లేక చేసిన."

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. నరేష్ ఏజెన్సీ పోయింది. అతను బండిలో కూరగాయలు వేసుకొని మోత్కూర్ మార్కెట్టుకు తిరగడం మొదలుపెట్టాడు. రాబడి సగమైంది, తల్లితో మాటలు అంతకంటే తగ్గిపోయాయి. కంపెనీ కొన్నాళ్ళకు సీసా మీద వేరే అవ్వను వేసింది. ఆమె అసలు ఎక్కడా లేదట, బొమ్మలు గీసేవాళ్ళు గీశారట. "నీకంటె అందంగున్నది" అన్నాడు అంజయ్య. గోవిందమ్మకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

వకీలు నోటీసు కూడా వచ్చింది. అంజయ్య కళ్ళద్దాలు పెట్టుకొని చదివాడు. కంపెనీకి జరిగిన నష్టం సంగతి తర్వాత చూస్తారట. ఒప్పందం గడువు వచ్చే ఏడు దాకా ఉన్నదట. అందాకా ఆమె ఎవరింట్లో తొక్కు కలిపినా కోర్టుకు పోతారట.

"మొగని జాడిల కలపొచ్చునా లేదా రాయలే" అన్నాడు అంజయ్య. "నాకు గూడ బంద్ అయితదేమో ఈ ఏడు."

నోటీసు సంగతి ఊరంతా పాకింది. మామిడికాయలు వచ్చాయి. ఇళ్ళల్లో ముక్కలు కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎవరూ పిలవలేదు. కొందరికి కోర్టు భయం, కొందరికి రెండేళ్ళ కోపం. "కొడుకు కడుపు కొట్టి సత్యం జెప్పింది" అన్నవాళ్ళూ ఉన్నారు. గోవిందమ్మ గడపలో కూర్చొని, చేతులు ఒళ్ళో పెట్టుకొని వింటూ ఉండేది.

అటువంటి ఒక పొద్దున ఈదమ్మ వచ్చింది. ఈదమ్మ ఒకప్పుడు వీళ్ళ చేలలో కూలికి వచ్చిన మనిషి. ఇప్పుడు ఆమె కొడుకు డానియల్‌కు చిట్యాల బ్యాంకులో నౌకరి. చర్చి పక్కన స్లాబు ఇల్లు, ఊరి బయట రెండెకరాల చెలక ఉన్నాయి. ఆమె వాకిట్లో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏం పటేలమ్మా, ఖాళీగున్నవట గద?"

"ఖాళీనే. రా, కూసో."

"కూసునుటానికి రాలే. నా బాకీ యాదికున్నదా లేదా అడగవచ్చిన."

గోవిందమ్మ తల దించుకుంది. యాదికి లేకపోవడమేమిటి! కూతురి పెళ్ళప్పుడు తన మణికట్టు విరిగితే, పెళ్ళికి కావలసిన కారమంతా రోట్లో దంచింది ఈదమ్మే. కళ్ళు వాచిపోయినా ఆపలేదు. కూలి ఇవ్వబోతే, "పైసలొద్దు. నా ఇంట్ల ఒక్కపారి తొక్కు కలిపి పో" అంది. గోవిందమ్మ సరేనంది. ఆ ఏడు కాయ లేదంది. మరుసటి ఏడు అత్తకు బాగాలేదంది. అత్త పోయినా చర్చి పక్కనున్న ఈదమ్మ వాళ్ళ వాడకు కాలు కదలలేదు. నలుగురూ ఏమంటారో అన్న వెరపే తప్ప వేరే కారణం లేదని ఇద్దరికీ తెలుసు. తర్వాత కంపెనీ కాగితం అడ్డమొచ్చింది.

"నోటీసు వచ్చింది ఈదమ్మా. నిన్ను గూడ కోర్టుకు గుంజుతరేమో" అంది గోవిందమ్మ.

"గుంజనియ్యి. జడ్జికి గూడ ఒక ముద్ద పెడ్త. డానియల్‌ను అడిగిన, ఇంట్ల అన్నం తినుటానికి కలుపుకుంటే ఏ కోర్టు ఏం పీకది అన్నడు. నీకు రావాలనున్నదా లేదా, గది చెప్పు. కాగితం మాట చెప్పకు."

గోవిందమ్మ స్నానం చేసి, బొట్టు పెట్టుకొని బయటికి వచ్చేసరికి నరేష్ బండి తుడుస్తున్నాడు. "ఎటు?" అన్నాడు. చెప్పింది. "నోటీసు ఉన్నది గదనే" అన్నాడు, చాలా రోజులకు ఆమె ముఖం చూసి.

"గా విజేందర్‌కు ఫోన్ జెయ్యి. వచ్చి ముద్ద తినిపొమ్మను."

నరేష్ తుడవడం ఆపాడు. తుడిచే గుడ్డ భుజాన వేసుకొని, "ఎండ ముదిరింది. బండెక్కుండ్రి ఇద్దరు" అన్నాడు.

ఈదమ్మ ఇంట్లో గంగాళం నట్టింట్లో ఉంది. ముక్కలు, కారం, నూనె అన్నీ తయారు. వాడలోని ఆడవాళ్ళు కిటికీల దగ్గర చేరారు. గోవిందమ్మ నేల మీద కూర్చొని కొంగు దోపుకుంది. స్వామికి మొక్కింది. గోడ మీద శిలువ కనిపిస్తే దానికీ ఒక దండం పెట్టింది. ఉప్పు వేసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి పైకి తిప్పుతూ కలిపింది. చెయ్యి మండింది. ఆ మంటకు ఎంతో కాలానికి ఆమె ప్రాణం లేచి వచ్చింది.

జాడి నిండాక ఈదమ్మ పొగలు కక్కే అన్నం గంగాళంలో గుమ్మరించి కలిపి, పెద్ద ముద్ద చేసి ఆమె అరచేతిలో పెట్టింది. కిటికీల దగ్గరి ఆడవాళ్ళు మెడలు సాచి చూశారు. గోవిందమ్మ తిన్నది. కంట్లో నీళ్ళు తిరిగాయి, కారానికే కావచ్చు. తర్వాతి ముద్ద నోట్లో పెట్టుకొని ఈదమ్మ ముఖం చిట్లించింది.

"ఉప్పు జర ఎక్కువేసినవ్ వదినె."

కూలికి వచ్చిన నాటి పటేలమ్మ అన్న పిలుపు ఎక్కడ జారిపోయిందో ఇద్దరూ పట్టించుకోలేదు.

"ముక్క గుంజుకుంటే సరైతది. మూడో నాడు మల్ల కలపాలె. వస్త."

"బాకీ తీరిపాయె గద. మల్లెందుకు?"

"బాకీ తీరింది. ముద్దకు వస్త" అని గోవిందమ్మ మళ్ళీ చెయ్యి చాపింది.